ఆ రాత్రి వెలిగిన పసుపు లైటు

ఈసారి వచ్చిన ఉత్తరం పదకొండు పేజీలు. చేత్తో రాసి, ఫొటోలు తీసి పంపారు. పేరు, ఊరు, ఆసుపత్రి వివరాలు తీసేసి అసలు సంగతి మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

రాసిన అమ్మాయికి 27 ఏళ్ళు. కోస్తాలో ఒక పట్టణం. బయోమెడికల్ ఇంజనీరింగులో బీటెక్ చేసి నాలుగేళ్ళుగా ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తున్నారు. వెంటిలేటరు, సిరంజి పంపు, మానిటరు, ఏది మొరాయించినా "బయోమెడికల్‌కి ఫోన్ చెయ్యండి" అంటారు. ఆ ఫోన్ ఎత్తేది ఈవిడే. జీతం నెలకు 24,000. తమ్ముడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, చేరిన రోజు నుంచే దానికి రెట్టింపు. నాన్నగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. "ముప్పయ్యేళ్ళు నా గోళ్ళలో గ్రీజు పోలేదు. నువ్వూ స్క్రూడ్రైవరే పట్టుకుంటానంటే ఇంత చదువు దేనికి?" అంటారట. మొన్న వచ్చిన సంబంధంలో పెళ్ళికొడుకు తల్లి అందరి ముందే "ఇంజనీరన్నారు, తీరా చూస్తే ఆసుపత్రిలో మిషన్లు రిపేరు చేస్తుందా" అన్నారు. ఆ సంబంధం అక్కడితో ఆగిపోయింది.

పుట్టిన పిల్లల వార్డులో రేడియంట్ వార్మర్లు ఉంటాయి. బిడ్డ పొట్టకు ఒక చిన్న ప్రోబ్ అంటిస్తారు. అది చెప్పే వేడిని బట్టి పైనున్న హీటర్ పెరుగుతుంది, తగ్గుతుంది. ఆ ప్రోబ్‌ల కేబుల్ ప్లగ్గులోకి వెళ్ళే మెడ దగ్గర ఎప్పుడూ తెగుతుందట. కొత్తది వచ్చేదాకా మిషన్‌ను మాన్యువల్‌లో, అంటే హీటర్‌ను మనుషులే పెంచి తగ్గించేట్టు పెట్టి నెట్టుకొస్తారు. అందుకే సిస్టర్లు మిషన్‌ను పూర్తిగా నమ్మరు, చేత్తో తాకి చూస్తారు. పొట్ట వెచ్చగా ఉండి అరికాళ్ళు చల్లబడితే బిడ్డ చలితో అవస్థ పడుతున్నట్టు. పొట్ట కూడా చల్లబడిందంటే ప్రమాదం దగ్గరకొచ్చినట్టు. ఒక సీనియర్ సిస్టర్ అలా చూస్తుండగా ఈ అమ్మాయికి ఆలోచన వచ్చింది. పొట్ట దగ్గర ఒక సెన్సర్, అరికాలి దగ్గర ఒక సెన్సర్, మెత్తటి గుడ్డ బెల్టు, అగ్గిపెట్టంత డబ్బా, మూడు లైట్లు. ఇంట్లో భోజనాల బల్ల మీద సోల్డరింగ్ చేసుకుంటూ ఆరు నెలల్లో తయారుచేశారు. సామాన్లకు 900 రూపాయలైంది.

మూడు నెలల కిందట ఒక రాత్రి వార్డు కిక్కిరిసి ఉంది. ఇద్దరే సిస్టర్లు. వాళ్ళలో ఒకావిడ "మేడం, మీ బెల్టు ఈ బిడ్డకు కట్టి చూద్దామా?" అన్నారు. 1.6 కిలోల బిడ్డ. కట్టారు. గంటన్నరకు పసుపు లైటు వెలిగింది. వెళ్ళి చూస్తే, పాలు పట్టాక బోర్లా పడుకోబెట్టినప్పుడు వార్మర్ ప్రోబ్ బిడ్డ కిందే ఉండిపోయింది. ఒంటి కింద నలిగిన ప్రోబ్ వేడి ఎక్కువగా చూపిస్తే, బిడ్డ వేడెక్కిందనుకుని మిషన్ హీటర్ తగ్గించేసింది. సరిచేశారు. బిడ్డ బాగానే ఉంది, వారం తర్వాత ఇంటికి వెళ్ళింది. తల్లిదండ్రులను ఎవరూ అడగలేదు. డాక్టరుగారికి కూడా మర్నాడే తెలిసింది.

ఇప్పుడు ఆ పిల్లల డాక్టరుగారు ఉత్సాహంగా ఉన్నారు. "పదిమందికి కట్టి చూద్దాం, కాన్ఫరెన్సులో పేపర్ చదువుదాం" అంటున్నారు. యాజమాన్యం పేటెంటు ఆసుపత్రి పేరు మీద తీస్తామని, "మీ పేరూ ఎక్కడో వేస్తాం" అని చెప్పింది. పత్రికవాళ్ళను పిలిచే మాట కూడా నడుస్తోంది. ఇంకోవైపు హైదరాబాద్‌లో ఒక విదేశీ పరికరాల కంపెనీలో సర్వీస్ ఇంజనీర్ ఉద్యోగం, ఏడాదికి 5.5 లక్షలు, నెలాఖరులోగా చెప్పాలి. అమెరికాలో ఎంఎస్‌కు సీటు వచ్చింది, అప్పు 38 లక్షలు. నాన్నగారి సలహా వేరే, అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు.

"ఆ రాత్రి నేను చేసింది తప్పా? ఎటు వెళ్ళాలి? ఇంత చిన్న వస్తువుతో నిజంగా ఏమైనా మారుతుందా, లేక నన్ను నేను గొప్ప చేసుకుంటున్నానా?" ఇవీ అడిగినవి.

అమ్మా, మీరు ఉద్యోగం గురించి ఏడు పేజీలు, ఆ రాత్రి గురించి ఒకటిన్నర పేజీ రాశారు. కానీ రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాసింది ఆ ఒకటిన్నర పేజీనే. అందుకని అక్కడే మొదలుపెడతాను.

తప్పే. బిడ్డకు మేలు జరిగింది కదా అన్నది వేరే సంగతి, దాంతో ఇది చెల్లిపోదు. 1.6 కిలోల బిడ్డ చర్మం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? ప్లాస్టర్ లాగితే పైపొర ఊడొస్తుంది. పాదం చుట్టూ బెల్టు కాస్త బిగిసినా రక్తం ఆడదు. ఇవన్నీ జరగలేదు, సంతోషం. వీటికన్నా నాకు భయం కలిగించేది ఇంకొకటుంది. ఆ రాత్రి వెలిగింది పసుపు లైటు కాబట్టి సిస్టర్ పరుగెత్తింది. అదే మీ సెన్సర్ తప్పుచూపి ఆకుపచ్చ వెలుగుతూ ఉంటే? "బెల్టు ఉందిలే" అనుకుని చెయ్యి పెట్టి చూడటం ఆవిడ మానేసి ఉంటే? ఏ కొత్త మిషన్ వచ్చినా వార్డులో మొదట మానేసేది పాత జాగ్రత్తనే. నేను ముప్పయ్యేళ్ళు ఆసుపత్రి పరికరాల మధ్య తిరిగినవాణ్ణి, ఇది చాలాసార్లు చూశాను.

అలాగని మిమ్మల్ని మీరు ఉరితీసుకోనక్కర్లేదు. ఒక కాగితం మీద ఆ రాత్రి జరిగింది రాయండి. తేదీ, ఎన్ని గంటలకు కట్టారు, ఎప్పుడు తీశారు, ఎవరున్నారు, ఏం కనిపించింది. డాక్టరుగారికి, నర్సింగ్ ఇన్‌ఛార్జికి ఇవ్వండి. తల్లిదండ్రులకు చెప్పాల్సింది డాక్టరుగారు, ఆ మాట ఆయనతో నేరుగా అనండి. సిస్టర్ మీదకు నెట్టకండి, అడిగింది ఆవిడే అయినా పరికరం మీది. అనుమతులు వచ్చేదాకా ఆ బెల్టు వార్డు గుమ్మం దాటకూడదు. దీనివల్ల నష్టం ఉండొచ్చు. యాజమాన్యం భయపడి మొత్తం వ్యవహారం ఆపేయొచ్చు, మీకు మెమో రావచ్చు. దాచిపెడితే రేపు పేపర్ రాసేటప్పుడో పేటెంటు గొడవలోనో ఎవరో ఒకరు బయటపెడతారు. అప్పుడు పోయేది పరువు మాత్రమే కాదు, ఆ బెల్టు మీద ఎవరికీ నమ్మకం మిగలదు.

ఇక పరికరం గురించి ఒక ఇంజనీరుగా అడుగుతాను, ఏమనుకోకండి. మీ అరికాలి సెన్సర్ చెప్పేది అరికాలి వేడా, హీటర్ వేడా? వార్మర్ కింద సెన్సర్ మీద కిరణాలు నేరుగా పడితే అది తనంతట తనే వేడెక్కుతుంది. కంపెనీ ప్రోబ్ మీద వెండిరంగు స్టిక్కర్ అంటించేది అందుకే కదా. మీరు పంపిన ఫొటోలో పాదం దగ్గర అలాంటిదేమీ కనిపించలేదు. అంటే పాదం నిజంగా చల్లబడినా మీ డబ్బా "బాగుంది" అనే అవకాశం ఉంది. ఇది తేల్చడానికి బిడ్డ అక్కర్లేదు. చిన్న రబ్బరు సంచిలో వెచ్చటి నీళ్ళు పోసి, హీటర్ కింద పెట్టి, నీళ్ళలో నమ్మకమైన థర్మామీటర్, బయట మీ సెన్సర్. నీళ్ళు చల్లారుతుంటే రెండింటి అంకెలూ రాసుకోండి. హీటర్ పూర్తిగా, సగం, ఆపి, ఇలా మూడు రకాలుగా. ఒక ఆదివారం పని. తేడా వస్తే ఆ రాత్రి పసుపు లైటు వెలగడం అదృష్టమని మీకే అర్థమవుతుంది.

ఇంకో సంగతి చెబితే మనసు చివుక్కుమంటుందేమో. పుట్టిన పిల్లలు చల్లబడుతుంటే హెచ్చరించే చేతిపట్టీ బెంగళూరు నుంచి బెంపు అనే కంపెనీ ఎప్పుడో తెచ్చింది. మీ ఉత్తరంలో దాని మాటే లేదు. మీది దానికన్నా భిన్నమే, పొట్టకూ పాదానికీ మధ్య తేడా చూడటం మీ ఆలోచన. కానీ ముందు ఉన్నవన్నీ వెతికి, తెచ్చి, విప్పి చూడాలి. మీరు వెతకలేదా, వెతికి కూడా రాయలేదా?

డాక్టరుగారి "పదిమంది పిల్లలు" సంగతి. ఆయన చెడ్డవారని నేననను. రాత్రి రెండింటికి వార్డుకొచ్చే డాక్టరుకు చేతిలో ఏదైనా సాయం దొరికితే ఆత్రంగా ఉంటుంది. బంగ్లాదేశ్‌లో, ఢాకాలోని ఐసీడీడీఆర్,బి అనే పరిశోధనా సంస్థ ఆసుపత్రిలో డాక్టర్ మహమ్మద్ జొబాయెర్ చిస్తీకీ అలాంటి ఆత్రమే ఉండేది. న్యుమోనియాతో పిల్లలు ఊపిరందక పోతున్నారు. వెంటిలేటర్లు కొనే స్తోమత లేదు. ఖాళీ షాంపూ సీసాలో నీళ్ళు పోసి, బిడ్డ వదిలే గాలి గొట్టం ద్వారా ఆ నీళ్ళలోకి వెళ్ళేట్టు చేశారు. నీళ్ళను తోసుకుని గాలి బుడగలుగా బయటికి రావాలి కాబట్టి ఊపిరితిత్తుల్లో కొంచెం ఒత్తిడి నిలుస్తుంది, లోపలి గాలితిత్తులు ముడుచుకుపోవు. బబుల్ సీపాప్ అనే పాత సూత్రమే, సీసా మాత్రం కొత్తది.

ఈ షాంపూ సీసా కథ అందరూ చెబుతారు. ఆ తర్వాత జరిగింది ఎవరూ చెప్పరు, మీకు కావలసింది అదే. ఐదేళ్ళలోపు పిల్లలు 225 మందితో, ఎవరికి ఏ పద్ధతో చీటీ తీసినట్టు నిర్ణయించి, మూడు గుంపులుగా పరీక్ష చేశారు. మామూలుగా ముక్కుకు సన్నగా ఆక్సిజన్ ఇచ్చిన 67 మందిలో 10 మంది చనిపోయారు. సీసా పద్ధతిలో 79 మందిలో ముగ్గురు. పైనుంచి గమనిస్తున్న కమిటీ మధ్యలోనే ఆ పాత పద్ధతి గుంపును ఆపించింది. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆ ఫలితాలు వచ్చాకే ఆ సీసాకు విలువ. మీ డాక్టరుగారి పదిమందీ దేనికీ సరిపోరు. బెల్టు మంచిదని రుజువు చేయడానికి చాలరు, చెడ్డదైతే ఆ చెడు బయటపడటానికీ చాలరు. ఆసుపత్రిలో ఎథిక్స్ కమిటీ, అంటే రోగుల మీద పరీక్షలకు ముందు మంచిచెడ్డలు చూసే కమిటీ ఉంటే దానికి, లేకపోతే దగ్గర్లో మెడికల్ కాలేజీతో కలిసి అక్కడి కమిటీకి ప్రోటోకాల్, అంటే పరీక్ష ఎలా చేస్తారో రాసిన కాగితం పెట్టాలి. 2017 నాటి మెడికల్ డివైసెస్ రూల్స్ కింద మీ బెల్టు ప్రమాదాన్ని బట్టి విడదీసిన ఏ, బీ, సీ, డీ తరగతుల్లో దేని కిందకు వస్తుందో, రోగుల మీద పరీక్షకు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ అనుమతి కావాలో ముందే తేల్చుకోవాలి. ఇదంతా డాక్టరుగారికి చెప్పండి. ఆయన సరేనంటే మీకు మంచి తోడు దొరికినట్టు. విసుక్కుంటే, అది కూడా ఇప్పుడే తెలియడం మంచిదే.

ఎంతకాలం పడుతుందని రాశారు. ధైర్యం చెప్పడానికి అబద్ధం చెప్పను. త్రివేండ్రం శ్రీ చిత్ర ఇన్‌స్టిట్యూట్‌లో డాక్టర్ వలియత్తాన్ బృందం మన దేశపు గుండె వాల్వు చేసింది. మూడు నమూనాలు విఫలమయ్యాయి. ఒకదాంట్లో నీలమణి బిళ్ళ వాడితే గొర్రెలో పెట్టాక అది పగిలింది. నాలుగో నమూనాలో గట్టి ప్లాస్టిక్ బిళ్ళ పెట్టారు, అది నిలిచింది. 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చేసరికి పదేళ్ళకు పైగా గడిచాయి. ఆ తర్వాత లక్షమందికి పైగా ఆ వాల్వు అమర్చారు. మీది వాల్వు కాదు, అంత పట్టదు. కానీ ఆర్నెల్లలో మార్కెట్లోకి అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. నిజానికి నాకు బాగా నచ్చింది అదే. ఒక చిన్న వస్తువుతో ఏం మారుతుంది? మీరు వస్తువు చేసినందుకు గర్వపడుతున్నారు, రిపేరు చేస్తున్నందుకు సిగ్గుపడుతున్నారు. నా అనుభవంలో ఇది తలకిందుల లెక్క.

అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీకి చెందిన రాబర్ట్ మాల్కిన్ అనే ఇంజనీరు, తన సహచరురాలితో కలిసి 16 పేద దేశాల ఆసుపత్రుల పరికరాల జాబితాలు పోగుచేశారు. లక్షా పన్నెండు వేల పరికరాలు. అందులో 38 శాతానికి పైగా పనిచేయడం లేదు. 2011లో ఆ లెక్క అచ్చయింది. అంతకు ముందు ఏడాది ఆయనే మరో లెక్క తీశారు, రిపేరు కోసం వచ్చిన 2,849 విన్నపాలు పరిశీలించి. మూడింట రెండొంతుల మిషన్లను విదేశాల నుంచి స్పేర్ పార్టులు తెప్పించకుండానే మళ్ళీ నడిపించవచ్చని తేలింది. దానికి కావలసింది 107 చిన్న చిన్న నైపుణ్యాలు. ప్లగ్గు మార్చడం, ఫ్యూజు చూడటం, ఫిల్టరు కడగడం, వాడే మనిషికి సరిగా నేర్పడం లాంటివి. మన దేశంలో కూడా అప్పట్లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరికరాలు లెక్కపెడితే, రాష్ట్రాన్ని బట్టి 13 నుంచి 34 శాతం దాకా పాడైపోయి ఉన్నట్టు తేలింది. 2015లో బయోమెడికల్ మెయింటెనెన్స్ పథకం వచ్చింది అందుకే.

కోవిడ్ తర్వాత నేనొక ఆసుపత్రి స్టోర్ రూమ్ చూశాను. దాతలిచ్చిన ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లు వరసగా, పసుపు కుంకుమ బొట్లతో సహా, ప్లాస్టిక్ కవర్లు కప్పి ఉన్నాయి. ఏడాదిన్నర ఎవరూ ఆన్ చేయలేదు. గాల్లోంచి నైట్రోజన్ పట్టుకునేది లోపలున్న జియోలైట్ గుళికలు. వాటికి తేమ శత్రువు. మన కోస్తా గాలికి కదలకుండా కూర్చున్న మిషన్లో అవి చల్లగా చచ్చిపోతాయి. ఆన్ చేస్తే గుర్రుమంటూ గాలి వస్తుంది, ఆక్సిజన్ రాదు. నెలకోసారి కాసేపు నడిపే మనిషి ఒక్కరుంటే చాలు. ఆ మనిషికి ఏ పత్రికలోనూ ఫొటో వేయరు.

మీరు నాలుగేళ్ళుగా చేస్తున్నది ఆ పనే. ప్రోబ్ ఎక్కడ తెగుతుందో మీకు తెలిసింది రిపేరు చేయడం వల్లే. సిస్టర్ చెయ్యి చూడగలిగింది ఆ వార్డులో నేల మీద కూర్చుని స్క్రూలు విప్పుతున్నందువల్లే. అమెరికాలో రైస్ యూనివర్సిటీ విద్యార్థులు చేపల తొట్టెల గాలి పంపులతో మొదలుపెట్టిన సీపాప్ మిషన్ మలావీలో బ్లాంటైర్ ఆసుపత్రికి చేరింది. ఊపిరాడని పసిపిల్లల్లో బతికేవాళ్ళు 44 శాతం నుంచి 71 శాతానికి పెరిగారు. మిషన్‌ను ఆ వార్డుకు తగ్గట్టు చేయబట్టే అది వార్డులో నిలిచింది, స్టోర్ రూముకు వెళ్ళలేదు. తెగని మెడ ఉన్న ప్రోబ్ ఒకటి మీరు చేయగలిగితే, నా దృష్టిలో అది మీ మూడు లైట్ల బెల్టుకన్నా ఎక్కువ పిల్లలకు పనికొస్తుంది. ఇది నా అభిప్రాయం, మీరు కాదనవచ్చు.

ఉద్యోగాల దగ్గరకొద్దాం.

హైదరాబాద్ ఉద్యోగంలో ఒక్క ఆసుపత్రి బదులు యాభై ఆసుపత్రులు చూస్తారు. ఒకే మిషన్ యాభై చోట్ల యాభై రకాలుగా ఎలా పాడవుతుందో తెలుస్తుంది. సర్వీస్ మాన్యువల్స్ చేతికొస్తాయి, జీతం రెట్టింపుకు దగ్గరవుతుంది, ఇంట్లో నోళ్ళు కొన్నాళ్ళు మూతపడతాయి. నష్టాలు చెబుతాను. రాత్రి పగలు లేని ఫోన్లు, బైకు మీద తిరుగుడు, టార్గెట్ల టెన్షన్. ముఖ్యంగా అగ్రిమెంటులో ఒక పేరా ఉంటుంది, ఉద్యోగంలో ఉండగా మీరు కనిపెట్టింది కంపెనీదే అని. సంతకానికి ముందు అది చదవండి. ఆ కంపెనీ వార్మర్లు కూడా చేస్తుంటే చాలా ఆలోచించాలి. బెల్టు అప్పటికే మీదని కాగితం ఉండాలి.

ఆ కాగితం ఎలాగంటే, ప్రొవిజనల్ పేటెంటు దరఖాస్తు, అంటే పూర్తి దరఖాస్తుకు ముందు వేసే తాత్కాలిక దరఖాస్తు. వ్యక్తిగతంగా ఆన్‌లైన్‌లో వేస్తే ప్రభుత్వ ఫీజు 1,600 రూపాయలు, ఏజెంటు ఫీజు వేరే. అక్కడి నుంచి పూర్తి దరఖాస్తుకు 12 నెలల గడువు. ఆ ప్రొవిజనల్ వేయకముందే పత్రికలోనో కాన్ఫరెన్సులోనో వివరాలు బయటపెడితే కొత్తదనం పోయిందని పేటెంటే దక్కకపోవచ్చు, కాబట్టి ఆ విలేకరిని ఆపండి. ఆసుపత్రితో గొడవ పడకుండా ఒక తేడా గుర్తుంచుకోండి. పేటెంటు ఎవరిదన్నది ఒకటి, కనిపెట్టింది ఎవరన్నది మరొకటి. మొదటిదాన్ని బేరమాడవచ్చు, వాళ్ళ వార్డు, వాళ్ళ డాక్టరు, వాళ్ళ సమయం కూడా అందులో ఉన్నాయి. రెండోది బేరానికి రాదు. "ఎక్కడో వేస్తాం" అనేది కుదరదు, ఇన్వెంటర్ అన్నచోట మీ పేరుండాలి. పెట్టెలో ఉన్న మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి, ఈ విషయం మీద ఏముందో ఈ రాత్రే చూడండి. చాలామంది లెటర్లలో ఏమీ ఉండదు.

అమెరికా. 38 లక్షల అప్పు మీద తమ్ముడు సంతకం పెడతానన్నాడు, మంచి పిల్లవాడు. కానీ అక్కడ బయోమెడికల్ ఉద్యోగాలు సాఫ్ట్‌వేర్ అన్ని ఉండవు. పరికరాల కంపెనీ వీసాకు పూనుకుంటుందన్న హామీ లేదు. చదువయ్యాక పనిచేసుకోవడానికి స్టెమ్, అంటే సైన్సు, ఇంజనీరింగు లాంటివి చదివినవాళ్ళకు మూడేళ్ళు దొరుకుతుంది, ఆలోపు కుదురుకోవాలి. వెళ్తే దేశం చూసి కాదు, ప్రొఫెసర్‌ను చూసి వెళ్ళండి. ఆసుపత్రితో కలిసి పనిచేసే ల్యాబ్ కాకపోతే ఆ డబ్బు దండగ. చదువే కావాలంటే ఇక్కడా దారి ఉంది. గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్ పేపర్ విడిగా ఉంది, ఐఐటీ హైదరాబాద్‌లో ఆ విభాగం ఉంది, ఎంటెక్‌కు నెలకు 12,400 స్టైపెండ్ ఇస్తారు. 27 ఏళ్ళకు మళ్ళీ 12,400 అంటే ఇంట్లో ఏమంటారో నేను ఊహించగలను.

అదే ఆసుపత్రిలో ఉండిపోవడం మూడో దారి. జీతం ఎంత పెంచుతారు, వారంలో ఎన్ని గంటలు ఈ పనికి వదులుతారు, పేరు సంగతి ఏమిటి, ఈ మూడూ కాగితం మీద ఇస్తేనే అది దారి. మాట మీద ఉండిపోతే రెండేళ్ళ తర్వాత మీరు ఇదే ఉత్తరం మళ్ళీ రాస్తారు.

సొంతంగా పెట్టాలన్న కోరిక ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంలో రాసి దాచేశారు. కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ సంస్థ బైరాక్ వాళ్ళ బిగ్ గ్రాంటు ఉంది, 18 నెలలకు 50 లక్షల దాకా. పోటీ గట్టిగా ఉంటుంది, మొదటిసారి రాకపోవడమే మామూలు. విశాఖలో మెడ్‌టెక్ జోన్‌లో పరికరాల భద్రతా పరీక్షల ల్యాబులున్నాయి, మీకు దగ్గర కూడా. కానీ ఇవాళ ఉద్యోగం మానేసి ఆ దారి పట్టమని మాత్రం చెప్పలేను. రబ్బరు సంచి పరీక్షే ఇంకా కాలేదు.

నాన్నగారి టెస్టింగ్ కోర్సును కూడా వెక్కిరించకండి. వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించేవాళ్ళు కావాలి, మిషన్ తెలిసిన టెస్టర్లు తక్కువ. మీకు మనసు లేదన్నది ఒక్కటే దానికి అడ్డు, అది చాలు కూడా.

మీ స్థానంలో నేనుంటే? ప్రొవిజనల్ వేసి, ఆ కంపెనీ వార్మర్లు చేయదని తేలితే హైదరాబాద్ ఉద్యోగంలో చేరి, రెండేళ్ళు తిరిగి, ఆదివారాలు బెల్టు మీద కూర్చునేవాణ్ణి. డాక్టరుగారితో ఎథిక్స్ కమిటీ పని ఫోన్ మీద నడిపించేవాణ్ణి. అయితే నాకు అప్పుడు ఇల్లు నడిపే బాధ్యత ఉండేది, భద్రతవైపు మొగ్గడం నా అలవాటు. మీ మొగ్గు వేరే కావచ్చు. ఆ వార్డు వదిలి వెళ్తే మీ ఆలోచన ఎండిపోతుందని మీరు ఆరో పేజీలో రాశారు, అది నాకన్నా మీకే బాగా తెలుసు.

పెళ్ళి సంగతి రెండు మాటల్లో. ఆ సంబంధం పోయింది మీ పని చూసి, మిమ్మల్ని చూసి కాదు. వచ్చే సంబంధం వాళ్ళకు పని పేరు మార్చి చెప్పొద్దు. చెబితే పెళ్ళయ్యాక వార్డు నుంచి అర్ధరాత్రి ఫోన్ వచ్చినప్పుడు ఆ పేరు మళ్ళీ విప్పి చెప్పాల్సి వస్తుంది.

మిగిలింది నాన్నగారు. ఆయన కోపం మీ మీద కాదనిపిస్తోంది. తన చేతుల మీద లోకం చూపిన చిన్నచూపు మీ చేతుల మీద కూడా పడుతుందని ఆయన భయం. దానికి వాదన పనికిరాదు, ఉపన్యాసం అసలు పనికిరాదు. ఇంజను అదురుకు వైరింగు ఎక్కడ తెగుతుందో, అక్కడ రబ్బరు తొడుగు ఎలా వేయాలో, ఎంత వదులుగా కట్టాలో ముప్పయ్యేళ్ళు చూసిన మనిషి ఆయన. మీ వార్మర్ ప్రోబ్‌కు వచ్చిన జబ్బు కూడా అదే. పారేయడానికి పక్కన పెట్టిన తెగిన ప్రోబ్‌లు స్టోర్‌లో ఉంటాయి కదా, అడిగి రెండు తీసుకోండి. శుభ్రంగా తుడిచి, సాయంత్రం ఆయన టీ తాగే వేళకు భోజనాల బల్ల మీద పెట్టి, మీ పని మీరు చేసుకోండి. ఆయన చేతిలోకి తీసుకుని ఆ మెడ దగ్గర రెండుసార్లు వంచి చూస్తారని నా నమ్మకం. అప్పుడు ఆయన ఏమన్నారో నాకు రాయండి.